కొలత తీసుకునే చేతులు

సంక్రాంతి దగ్గరపడుతుంటే కోనసీమ ఊళ్ళలో గుడి పక్క ఖాళీ జాగాలో వెదురు బొంగులు దిగుతాయి. టేకు చెక్కలు, మర్రి ఊడలు, తాళ్ళు, రంగు గుడ్డలు ఒక్కొక్కటే చేరతాయి. ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్ళిన కుర్రాడు సెలవు పెట్టుకుని వస్తాడు. రైతు పొద్దున్నే చేను చూసుకుని మధ్యాహ్నానికల్లా అక్కడుంటాడు. బొంగు ఎక్కడ వంచాలో, ముడి ఎక్కడ పడాలో తెలిసిన పెద్దాయన ఒకరు పక్కన కూర్చుని చెబుతుంటారు. మిగతావాళ్ళు కడుతుంటారు. అలా శివుణ్ణి ఊరేగించే ప్రభ లేస్తుంది.

కనుమ నాడు 11 ఊళ్ళ ప్రభలు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న జగ్గన్నతోటకు చేరతాయి. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, కె.పెదపూడి, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం. జగ్గన్నతోటలో గుడి లేదు. ఉన్నది కొబ్బరితోటే. ఏకాదశ రుద్రులు ఆ ఒక్క రోజు అక్కడ కొలువుదీరతారని నమ్మకం. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక ఏరు దాటి రావాలి. గుండెలదాకా నీళ్ళున్నా ‘శరభ శరభ’ అంటూ ప్రభను భుజం దించకుండా ఒడ్డెక్కిస్తారు. దారిలో పచ్చటి చేను తొక్కుడుపడినా రైతు కాదనడు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

టీవీలు, ఫోన్లు ఆ నీళ్ళలో సాగే ఊరేగింపును చూపిస్తాయి. నాకు దాని ముందరి రోజులు ముఖ్యం. కూలి లేదు, బలవంతం లేదు. ఊరి చందాతో ఊరి చేతులే ఒక కర్రపనికి కుదురుతున్నాయి. ఎలా కుదురుతున్నాయి? అంత చక్కగా కుదిరిన చేతులు కనుమ దాటగానే ఎందుకు విడిపోతున్నాయి?

మొదటి ప్రశ్నకు సులువైన జవాబు ఉంది. దేవుడి పని కాబట్టి అంటారు. ఆ జవాబును నేను తోసిపుచ్చను. అది చాలదంటాను. దేవుడి పేరు మీద జరిగే పనులన్నింటికీ ఊరు ఇలా కదలదు. హుండీలో డబ్బు వేసినవాడు వేసి వెళ్ళిపోతాడు, పక్కవాడి ముఖం చూడడు. ప్రభ దగ్గర అలా కుదరదు. బొంగు ఒకడు వంచితే ఇంకొకడు పట్టుకోవాలి, మూడోవాడు ముడి వేయాలి. ముడి వదులైతే రేపు ఏటి మధ్యలో ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. చిన్నపిల్లాడికి గుడ్డ అందించే పని ఉంటుంది, డెబ్భై ఏళ్ళాయనకు తప్పు పట్టుకునే పని ఉంటుంది. ఏ పనీ లేనివాడంటూ అక్కడ ఉండడు. ప్రభ లేచి నిలబడ్డాక అందరూ ఒక అడుగు వెనక్కి వేసి చూస్తారు. అప్పుడు ఆ ముఖాల్లో కనిపించే తృప్తి, దేవుణ్ణి నమ్మనివాడు ఆ తాడు పట్టుకున్నా వాడి ముఖంలోనూ ఉంటుంది. కలిసి ఒక వస్తువును చేయడంలో మనిషికి దొరికే ఆనందమది. భక్తి దానికి ఒక దారి. అదొక్కటే దారి కానక్కర్లేదు.

వేరే దారులు వెతికినవాళ్ళు లోకంలో ఉన్నారు. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ‘మెన్స్ షెడ్’ అనే పద్ధతి పెరిగింది. 2007లో వాటన్నింటికీ కలిపి ఒక జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు అక్కడ అలాంటి షెడ్లు వెయ్యికి పైగా ఉన్నాయి, బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ పాకాయి. షెడ్డులో రంపాలు, చిత్రికలు, పని బల్లలు, టీ కాచుకునే మూల ఉంటాయి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పదవీ విరమణ చేసినవాళ్ళు, భార్య పోయినవాళ్ళు, పిల్లలు దూరమైనవాళ్ళు. పిల్లల ఆసుపత్రికి బొమ్మలు చేస్తారు, బడికి బల్లలు బాగుచేస్తారు, పార్కులో కూర్చునే బెంచీ వేస్తారు. ఈ ఆలోచన వెనక ఉన్న గ్రహింపు చిన్నదే, కానీ లోతైనది. మగవాడిని ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ బాధ ఏమిటి’ అని అడిగితే చెప్పడు. పక్కన నిలబడి చెక్క కోస్తుంటే తనంతట తానే చెబుతాడు.

ఈ అవసరం మనకు లేదా? కోనసీమలో మండువా లోగిళ్ళు చాలావాటిలో ఇద్దరే ఉంటున్నారు. కొన్నింటిలో ఒక్కరే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. రాజోలు వైపు ఊళ్ళలో ఇంటి ఇల్లాలే గల్ఫ్‌లో పనికి వెళ్ళి, మొగుడూ పిల్లలూ ముసలి అత్తగారూ మిగిలిన ఇళ్ళు ఉన్నాయి. నెల నెలా డబ్బు వస్తుంది. పలకరించే మనిషి రాడు. వృద్ధాశ్రమమో మందులో తీర్చలేని లోటు ఇది. ‘నా వల్ల ఇంకా ఎవరికైనా ఉపయోగం ఉందా’ అన్న ప్రశ్న లోపల తిరుగుతూ ఉంటుంది. ‘ఉంది’ అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆ ప్రశ్న పోదు. చేతికి ఒక పని, ఆ పని కోసం ఎదురుచూసే మనిషి దొరికితే పోతుంది.

చేయి అనగానే మన చదువుకున్నవాళ్ళ మనసులో అది బుద్ధికి కింది మెట్టు. ఈ తగువు పాతదే. గ్రీకు తత్వవేత్త అనక్సాగొరస్ మనిషికి చేతులుండడం వల్లనే బుద్ధి వచ్చిందన్నాడు. అరిస్టాటిల్ దాన్ని తిప్పి, బుద్ధి ఉంది కనుకనే ప్రకృతి మనిషికి చేతులిచ్చిందన్నాడు. రెండు వేల ఏళ్ళకు పైగా చదువుకున్న లోకం అరిస్టాటిల్ పక్షమే ఎక్కువగా తీసుకుంది. బుద్ధి ఆజ్ఞాపిస్తుంది, చేయి పాటిస్తుంది అన్న లెక్కలోనే మన ఆఫీసులూ బళ్ళూ నడుస్తున్నాయి. పనిచేసే వడ్రంగి పక్కన ఒక పూట నిలబడి చూస్తే ఆ లెక్క తప్పిపోతుంది.

టేకు మాను తీసుకోండి. దాని చేవంతా లోపల ఉంటుంది. పైన ఉండే తెల్ల చెక్కకు చెద పడుతుంది, లోపలిది తరాలు నిలుస్తుంది. కోనసీమలో అడుగడుగునా ఉండే కొబ్బరి మాను దీనికి పూర్తిగా తలకిందులు. దాని గట్టిదనమంతా అంచున ఉంటుంది, నడిమధ్య మెత్తన. ఏటేటా పడే వలయాలు అందులో ఉండవు. అంచు చెక్క రంపం పళ్ళను త్వరగా మొండిచేస్తుంది, మధ్య చెక్క మేకును పట్టి ఉంచదు. టేకుకు అలవాటుపడ్డ చేయి కొబ్బరి దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. 1996 నవంబరు 6 తుపానులో ఈ సీమలో లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. పడిన మానులో ఏ భాగం దూలానికి పనికొస్తుందో, ఏది పొయ్యిలోకే పోతుందో చెప్పగలిగింది చెక్కను చేత్తో ఎరిగినవాళ్ళే.

ఆ ఎరుకలో ఒక నీతి కూడా ఉంది. చెక్క మనం చెప్పినట్టు వినదు. దాని నార ఎటు పోతోందో చూసి చిత్రిక అటు పట్టాలి. ఎదురు పడితే పెచ్చులేస్తుంది. మాటలతో బతికే మనం ఎదుటివాడిని మాటతో ఒప్పించామనుకుని, ఒప్పించలేకపోతే వాడిదే తప్పనుకుని తృప్తిపడతాం. చెక్క ముందు ఆ తృప్తి దొరకదు. కుసి బెజ్జంలో కూర్చోకపోతే కూర్చోలేదంతే. తప్పు తెలుసుకుని మళ్ళీ చెక్కాలి. ఎదుట ఉన్నదానికి తనదైన స్వభావం ఉంటుందని, దాన్ని ముందు తెలుసుకుని తర్వాత చేయి వేయాలని చెక్కపని రోజూ నేర్పుతుంది. మనుషుల మధ్య మనకు కావలసిన మర్యాద ఇదే కాదా?

ఇంత విలువైన విద్యను మనం ఏం చేశాం? ఒక కులానికి రాసిచ్చి, మిగిలిన అందరి చేతుల నుంచి తీసేశాం. వడ్రంగి కొడుకు వడ్రంగే కావాలన్నాం. మిగిలినవాళ్ళు ఉలి ముట్టుకుంటే చిన్నతనమన్నాం. ఈ కోనసీమ జిల్లా ఇప్పుడు అంబేద్కర్ పేరు మోస్తోంది. కులం పనిని పంచడంతో ఆగలేదని, పనిచేసే మనుషులనే విడగొట్టి ఒకరి కింద ఒకరిని నిలబెట్టిందని 1936లో ‘కుల నిర్మూలన’లో ఆయన వాదించారు. వీధిలో నడిచినా, గుడి దగ్గర నిలబడినా, పనిముట్టు చేతికి తీసుకున్నా ఆ మాట నిజమే. పని చేతిలో ఉన్నవాడికి గౌరవం లేకుండా చేశాం, గౌరవం ఉన్నవాడికి పని రాకుండా చేశాం. నష్టం ఇద్దరిదీ. అవమానం మాత్రం ఒకడిదే.

కాబట్టి ‘చేతిపని ఎంత గొప్పది’ అని పాడే ముందు ఒక జాగ్రత్త కావాలి. తాత ముత్తాతల నుంచి ఉలి పట్టిన ఇంట్లో పుట్టిన కుర్రాడు కంప్యూటర్ చదువుకుని హైదరాబాదు వెళ్ళిపోతే అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అతనికి ఆ పని విద్యగా అందలేదు, తలరాతగా అంటగట్టారు. వదిలిపెట్టే స్వేచ్ఛ అతనికి ఉండి తీరాలి. దానికి జోడుగా ఇంకో స్వేచ్ఛ కూడా ఉండాలి. రైతు బిడ్డ, టీచరు బిడ్డ, పూజారి బిడ్డ, కూలి బిడ్డ ఎవరైనా సిగ్గు లేకుండా ఉలి పట్టుకునే స్వేచ్ఛ. 1910లో దక్షిణాఫ్రికాలో గాంధీ, ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ కలిసి టాల్‌స్టాయ్ ఫాం పెట్టినప్పుడు లాయర్లూ వ్యాపారులూ పిల్లలూ చెప్పులు కుట్టారు, వడ్రంగం నేర్చారు, తమ బల్లలు తామే చేసుకున్నారు. తమ పని తాము చేసుకోవడం మన దేశంలో పొదుపు కన్నా పెద్ద పాఠం కావలసింది. దాన్ని మనం గాంధీ జయంతి ఉపన్యాసానికి సరిపెట్టుకున్నాం.

ఇక ఊరుమ్మడిగా ఒక చెక్కపని షెడ్డు ఉంటే ఏం చేస్తుందో చూద్దాం. ఒక్క వస్తువును దగ్గరగా చూస్తే చాలు.

మెదడుకు చిన్ననాడే దెబ్బతగిలి ఒళ్ళు కుదురుగా నిలపలేని పిల్లలుంటారు. సెరిబ్రల్ పాల్సీ అంటారు. మామూలు కుర్చీలో కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోతారు. కింద పడుకోబెడితే రోజంతా పైకప్పే చూస్తారు. వీళ్ళ కోసం కార్నర్ చైర్ అని ఒకటుంది. వీపు వెనక రెండు చెక్కలు గోడమూల కలిసినట్టు కలుస్తాయి. ఆ మూలలో కూర్చోబెడితే భుజాలు ముందుకు వస్తాయి, చేతులు నడిమికి చేరతాయి. ముందు ఒక బల్ల చెక్క అమర్చితే దాని మీద గిన్నె, బొమ్మ, పలక పెట్టుకోవచ్చు. పాపకు మొదటిసారి తన చేతులు తన కళ్ళ ముందుకొస్తాయి. తినిపించే అమ్మ కళ్ళలోకి చూడగలుగుతుంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకు ఫిజియోథెరపీ, చదువు రెండూ అందిస్తారు. కానీ పాప కూర్చోవలసింది కేంద్రంలో ఉన్న కొన్ని గంటలే కాదు. ఇంట్లో, వరండాలో, అందరూ అన్నం తినేచోట కూడా.

ఆ కుర్చీ బజారులో దొరికే కుర్చీల్లా అందరికీ ఒకే సైజు పనికిరాదు. తుంటి నుంచి మోకాలి వెనకదాకా ఎంత, మోకాలి నుంచి మడమదాకా ఎంత, కూర్చున్నప్పుడు చంక ఎంత ఎత్తులో ఉంది, తుంటి దగ్గర వెడల్పెంత అన్నవి కొలవాలి. పీట ఒక అంగుళం ఎక్కువ లోతైతే పాప ముందుకు జారిపోతుంది. ఒక అంగుళం తక్కువైతే తొడలకు ఆనిక ఉండదు. పాదాలు గాల్లో వేలాడకూడదు, కింద పాదం పీట కావాలి. అంచులన్నీ గుండ్రంగా తీయాలి, ఎందుకంటే పాప చేయి ఒక్కోసారి తనకు తెలియకుండానే విసురుగా తగులుతుంది. నడుము పట్టీ ఎక్కడ రావాలో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. ఇంతా చేశాక ఏడాదిలో పాప పెరుగుతుంది. పీట మార్చాలి, వీపు చెక్క ఎత్తు పెంచాలి. అంటే ఆ కుర్చీ ఒకసారి ఇచ్చి ఫోటో దిగి వచ్చేసే వస్తువు కాదు. ఇచ్చినవాళ్ళు ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

నా ఆలోచన అంతా ఇక్కడికి వచ్చి నిలిచింది. కొలత తీసుకోవాలంటే దగ్గరికి వెళ్ళాలి. ఆ ఇంటి అరుగెక్కాలి, చాప మీద కూర్చోవాలి, పాప భయపడకుండా కాసేపు కబుర్లు చెప్పాలి, టేపు పెట్టి ముట్టుకోవాలి. డబ్బు ఇవ్వడానికి ఇవేమీ అక్కర్లేదు. డబ్బుకు ఎదుటి మనిషి ఎంత పొడుగో, ఎటు ఒరుగుతుందో తెలియవలసిన పనిలేదు. డబ్బు వద్దని నేననడం లేదు. చెక్కా మేకులూ ఊరికే రావు. కానీ దానంలో ఇచ్చేవాడి స్థోమత కనబడుతుంది. కొలతలో తీసుకునేవాడి ఆకారం కనబడుతుంది. మన ఊళ్ళలో బడి ఫ్యాను రెక్కల మీద, బస్టాండు బెంచీ వీపు మీద, నీళ్ళ కుండీ మీద దాతల పేర్లుంటాయి. వాళ్ళ మంచి మనసును నేను శంకించను. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళ నడుం నొప్పి గురించి ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న.

మన దేశంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1960ల చివర జైపూర్‌లో కాలు పోయినవాళ్ళకు విదేశీ కృత్రిమ పాదాలే దిక్కు. అవి బూట్లు తొడుక్కుని, కుర్చీల్లో కూర్చుని బతికే దేశాల కొలతతో చేసినవి. మన రైతు చెప్పుల్లేకుండా చేలో దిగుతాడు, గొంతుక్కూర్చుంటాడు, నేల మీద బాసింపట్టు వేసి అన్నం తింటాడు. ఆ పాదంతో ఇవేవీ చేయలేక దాన్ని మూల పడేసి కర్ర పట్టుకునేవాడు. పెద్ద చదువుల్లేని శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు డాక్టర్ పి.కె.సేఠీ కలిసి ఆ బతుకును కొలిచారు. రబ్బరు, చెక్క కలిపి మన నేలకు సరిపడే పాదాన్ని చేశారు. అదే జైపూర్ ఫుట్. 1981లో సేఠీకి మెగసెసే పురస్కారం వచ్చింది. శిల్పి పేరు చాలామందికి తెలియదు. చదువుకూ చేతికీ మధ్య మనం పెట్టిన మెట్ల తేడా అక్కడా తన పని తాను చేసింది. అయినా ఆ పాదం ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడడం వల్లనే పుట్టింది. ఏ ఒక్కరి వల్లా పుట్టేది కాదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. ‘మీరంతా చేరి ఉచితంగా చెక్కపని చేస్తే, దాని మీద బతికేవాడి పొట్ట కొట్టినట్టు కాదా?’ ఇప్పటికే ప్లాస్టిక్ కుర్చీలు, ఫైబర్ తలుపులు, షోరూంలో దొరికే రెడీమేడ్ మంచాలు ఊరి వడ్రంగికి పని లేకుండా చేశాయి. ఒకప్పుడు నాగలి, బండి, మంచం, గుమ్మం, ఊయల అన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి. ఇప్పుడు కొత్త ఇల్లు కడితేనే కబురు వెళ్తుంది, అదీ సగం పనికి. ఈ స్థితిలో సరదాకు రంపం పట్టిన రిటైర్డు ఉద్యోగి ఆయన చేసే పనినే ఊరికే చేసిపెడితే అది సేవ కాదు, అన్యాయం. అందుకే షెడ్డు పెట్టదలచినవాళ్ళకు రెండు నియమాలు తప్పనిసరి అనుకుంటాను. ఒకటి, డబ్బిచ్చి చేయించుకోగలిగినవాళ్ళ పని షెడ్డు ముట్టుకోకూడదు. బజారు ఎప్పటికీ చేయనివే చేయాలి. లాభం లేదని ఏ దుకాణమూ చేయని పాప కుర్చీ, ముసలమ్మ మంచానికి పట్టుకొమ్మ, వంకర కాలికి సరిపడే నడక బండి. రెండు, వడ్రంగి ఆ షెడ్డుకు గురువుగా రావాలి, గురుదక్షిణ తీసుకునే రావాలి. ఆయన నేర్పే పూటకు ఆయన కూలికి తగ్గని డబ్బు ముట్టాలి. ఊళ్ళో పిల్లలు ఆయన్ని ‘మాస్టారూ’ అని పిలిచే రోజు రావాలి. ఆ పిలుపు చట్టాలు చేయలేని పని కొంత చేస్తుంది.

ఇంకో ప్రశ్న. ప్రభ మోసే భుజాలన్నీ మగవాళ్ళవే. షెడ్డు కూడా అలాగే అవుతుందా? ఆస్ట్రేలియాలో మగవాళ్ళ ఒంటరితనం కోసం పుట్టింది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన దగ్గర పనిముట్టు పట్టని చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. కొబ్బరి పీచు తీసి తాడు పేనే చేతులకు, వరి నాటు వేసే చేతులకు బలం తక్కువా, నేర్పు తక్కువా? పాపను రోజూ ఎత్తి దించే తల్లికే తెలుసు కుర్చీ ఎంత ఎత్తుండాలో. ఆమె పక్కన లేకుండా తీసిన కొలత సగం కొలతే. ఆమె చేతికే టేపు, పెన్సిలు ఇస్తే మిగిలిన సగం దొరుకుతుంది.

ఈ సీమలో కర్ర కోసం మనసులు ఎంతగా కదిలిపోతాయో మనం కళ్ళారా చూశాం. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. అరవై ఏళ్ళుగా భీష్మ ఏకాదశికి వేలమంది తాడు పట్టి లాగిన రథం. ఆ బూడిద చూసి ఏడ్చినవాళ్ళున్నారు, రోడ్డెక్కినవాళ్ళున్నారు. కొన్ని నెలల్లోనే టేకుతో కొత్త రథం తయారైంది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు దాన్ని ప్రారంభించారు. తలుచుకుంటే కలప దొరుకుతుంది, శిల్పులు దొరుకుతారు, డబ్బు దొరుకుతుంది, గడువులోపు పని పూర్తవుతుంది. ఆ రథం కావాలన్నవాళ్ళ బాధ నిజమైనదే. నేనడిగేది ఒక్కటే. రథం లేని ఊరిని చూసి కలిగిన లోటు, కుర్చీ లేని పాపను చూసి ఎందుకు కలగదు? రథం అందరికీ కనబడుతుంది. పాప లోపలి గదిలో ఉంటుంది. కనబడనిదాని కోసం కదలడమే కదా మనిషితనానికి అసలు పరీక్ష!

వరదలప్పుడు ఈ మాట ఇంకా తెలిసొస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అన్నం పొట్లాలు, దుప్పట్లు, నీళ్ళ ప్యాకెట్లు ఇలాంటప్పుడు వస్తాయి, రావాలి. నీళ్ళు తీశాక మిగిలే పని వేరు. నాని ఉబ్బిపోయిన తలుపు మూసుకోదు. మంచం కోళ్ళు వదులవుతాయి. బీరువా అడుగు చెక్క ఊడిపోతుంది. తలుపు మూసుకోని ఇంట్లో ఆడపిల్లతో రాత్రి గడపడం ఎంత భయమో సహాయ జాబితా రాసేవాళ్ళకు తట్టదు. ఒక చిత్రిక, ఒక రంపం, పని తెలిసిన నలుగురు ఉంటే వారంలో ఒక వీధి తలుపులన్నీ మూసుకుంటాయి.

దీన్నెక్కడ మొదలుపెట్టాలి? బడిలోనే మొదలుపెట్టవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8వ తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులుండాలంది. ఆ రోజుల్లో ఊళ్ళోని వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి పనివారి దగ్గర నేర్చుకోవాలంది. కాగితం మీద అది చక్కటి మాట. దాన్ని నిజం చేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ ఊళ్ళోనైనా హెడ్‌మాస్టారు ఒకరు, వడ్రంగి ఒకరు, పెన్షన్ తీసుకుంటున్న ఇద్దరు ముగ్గురు, భవిత కేంద్రం ఫిజియోథెరపిస్టు ఒకరు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. మీ పెరట్లో ఖాళీగా ఉన్న ధాన్యపు కొట్టో పశువుల పాకో ఉంటే ఇవ్వండి. అటక మీద తాతగారి ఉలి, బాడిస, రంపం తుప్పుపడుతుంటే దించండి. మొదట వడ్రంగి గారి దగ్గరికి వెళ్ళండి, ఆయన కూలి ఎంతో అడిగి ఒప్పుకోండి. తర్వాత ఒక్క ఇంటికి వెళ్ళి ఒక్క పాపకు కొలత తీసుకోండి. ఏడాదికి ఒక్క కుర్చీ సరిగా చేసినా, ఆ షెడ్డు ఊరికి అక్కరకొచ్చినట్టే.

సేవ చేయాలన్న మనసు మన ఊళ్ళలో ఎన్నడూ తక్కువ కాలేదు. తక్కువైంది దగ్గరికి వెళ్ళి ఎదుటి మనిషిని కొలిచే ఓపిక. అది ఏ కులం సొత్తూ కాదు, ఏ వయసుకూ మించిందీ కాదు. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది.